మొదటి ఎపిసోడులో మన చేను

ముదిగుబ్బ పక్కన మన ఊరు,
ఆగస్టు నెల, ఎండ మామూలే.

కువైట్ మహానగరంలో వంటింటి మహారాణి పదవిని అలంకరించిన మా అమ్మ ఆంజినమ్మ గారికి, బీఎస్సీ పూర్తిచేసి గొర్రెల మందకు అధ్యక్షత వహిస్తున్న కొడుకు వీరేష్ నమస్కరించి రాయునది. ఇక్కడ నాయన, చెల్లెలు సరళ, నేను, గొర్రెలు తిని తిరుగుతున్నాం. నువ్వూ వేళకు తింటున్నావని అనుకుంటాం. వానదేవుడి క్షేమం మాత్రం తెలియదు. జూన్ నుంచి ఆయన ఆచూకీ లేదు.

మీ మేడమ్ నీ ఫోను ఇంకా తీసిపెట్టుకునే ఉందని, అక్కడి నుంచి సెలవుకు వచ్చిన అక్కమ్మ చెప్పింది. ఆమె మళ్లీ విమానం ఎక్కుతోంది కాబట్టి ఈ ఉత్తరం ఆమె సంచిలో వస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన మోకాలు నాయన మాట వినడం లేదు. శనక్కాయ విత్తాం. అది మొలిచి, ఆకాశాన్ని ఒకసారి చూసి, మళ్లీ పడుకుంది. సరళ ఎందుకు రాయలేదన్నావు. దానికి వస్తాను. ముందు సీరియల్ సంగతి.

ఎండాకాలంలో మన చేనులో షూటింగు జరిగిందని, సరళకు దయ్యం వేషం దొరికిందని పోయినసారి రాశాను కదా. దాని ముఖం మీద, చేతుల మీద తెల్లమచ్చలు చూసి డైరెక్టరు, ఇంక రంగులు అక్కర్లేదని మేకప్పు మనిషిని పక్కన కూర్చోబెట్టాడు. ఆ మచ్చలకు ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆ రోజు సరళ అద్దం ముందు నిలబడి నవ్వుకోవడం నేను చూశాను.

పోయిన నెల ఒక ఆదివారం మొదటి ఎపిసోడు వచ్చింది. కుళ్లాయప్ప టీకొట్టు ముందర టీవీ పెడితే ఊరంతా కూర్చుంది. కథేమంటే, హాస్టలు పిల్లలు కొందరు సెలవులకు ఒక ఊరికి వస్తారు. మబ్బు పట్టినప్పుడల్లా భూమిలోంచి ఒక ఆడపిల్ల లేచి ఆ మబ్బును తాగేస్తుంది. ఆ పిల్ల మన సరళ. ఈలలు, చప్పట్లు. చివర్లో ఆ పిల్ల ఎట్లా చచ్చిందో చూపించారు. మన చేను. చేనులో గొయ్యి. కాలేజీ యూనిఫాంలో సరళ కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, మీద మన్ను పడుతోంది.

ఈలలు ఆగిపోయాయి. బీఎస్సీలో చెప్పని సంగతి ఒకటి నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెల్లమచ్చలున్నవాళ్లు పోతే మన ఊళ్లో పూడ్చరు, కాలుస్తారు. పూడిస్తే వాన రాదంటారు.

"ఇదప్పా సంగతి. తొన్ను పిల్లను భూమిలో పెట్టినారు. ఇంగ వాన యాడొస్తాది?" అన్నాడు తిమ్మన్న మామ.

"అది యాక్టింగు మామా. పిల్ల ఈడనే కూసోని బొరుగులు తింటాంది సూడు," అన్నాను.

"తింటే తిననీ. పూడ్సింది పూడ్సిందే గదా."

నేను ఒక్కడినే నవ్వాను. మర్నాటి నుంచి మన చేనికి కూలి మనిషి రాలేదు. నీళ్ల ట్యాంకరును మన వీధి మొగదల్లోనే ఆపేశారు. పూడ్చినదాన్ని పైకి తీసి కాల్చాలని ఊరు తేల్చింది.

"ఒగపూట నాటకం గదరా. అదీ చేసేస్తే ఊరుకుంటారు," అన్నాడు నాయన.

అమ్మా, ఇప్పటిదాకా దాచింది ఇదే. యూనిఫాం ఇమ్మని సరళను అడిగింది నేనే. "రెండో ఎపిసోడు పాపా, డైరెక్షన్ తిమ్మన్న మామ," అని జోకు కూడా వేశాను. అది ఇస్త్రీ చేసి ఇచ్చింది. సరళకు బదులు ఒక గడ్డిబొమ్మను చేసి, దానికి ఆ యూనిఫాం తొడిగి, గోతిలో పెట్టి, మన్ను కప్పి, మళ్లీ తవ్వి తీశారు. నాయన నిప్పు పెట్టాడు. సరళ గట్టు మీద నిలబడి మొత్తం చూసింది. రావద్దని చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు.

చావుకు పోయినవాళ్లు నీళ్లు పోసుకోనిదే ఇంట్లో అడుగు పెట్టరు కదా. నాయన, నేను వాకిట్లో పోసుకున్నాం. సరళ చెంబు పట్టుకుని నిలబడింది.

"అన్నా, నేను గూడా పోసుకోవాల్నా?"

 నాయన తల తుడుచుకోకుండానే లోపలికి పోయాడు.

వాన రాలేదు. ఇప్పుడు తిమ్మన్న మామ, "కాల్సిన పిల్ల ఊర్లో తిరుగుతాంటే ఎట్లొస్తాదప్పా," అంటున్నాడు. బస్సులో సరళ పక్కన ఎవరూ కూర్చోకపోయేసరికి అది కాలేజీ మానేసింది. చిన్నప్పటి నుంచి జతగా తిరిగిన శశి కూడా మన వాకిలి తొక్కడం లేదు. నాయన సరళను అన్నానికి పిలిచేటప్పుడు "ఏయ్" అంటాడు. పేరు నోటికి రావడం లేదు ఆయనకు. నేను పిలుస్తాను. నేను పిలిస్తే అది పలకదు.

ఈసారి నాకు రాయొద్దమ్మా. ఎవరి చేతికీ ఇచ్చి పంపొద్దు. ఎట్లాగైనా పోస్టులో వెయ్యి. కవరు మీద సరళ పేరు పెద్దగా రాయి. పోస్టుమ్యాన్ గోరంట్ల మనిషి, మన ఊరి సంగతులు తెలియవు. వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి పిలుస్తాడు.

ఇట్లు,
సరళ వాళ్లన్న