ఏడాది ఆరని బెరడు

అక్కా, నేను కులాసా. పోయినవారం పంపిన బెరడు పొట్లం మాత్రం విప్పొద్దు.

నాన్న మలబద్ధకానికని మా గోడౌనులో పొరపాటున కొత్త మోపులోంచి తీశాను. ఆ చెట్టు బెరడు ఒలిచాక ఏడాది ఆరితేనే మందు. నిన్న మా మేస్త్రీ "ఎండిందిలే, ఏం కాదు" అంటూ కొత్తది కాచుకుని తాగి, సాయంత్రం దాకా వాంతులతో మెలికలు తిరిగిపోయాడు. పొట్లం మీద తేదీ వేసి అటక మీద పెట్టు.

పాప దగ్గు తగ్గిందా? నా నల్ల స్వెట్టరు పంపు. బావకు నమస్కారాలు.

నా చేతి మంచినీళ్ళు కూడా ముట్టనన్నారని, నేను పంపినట్టు నాన్నకు చెప్పొద్దన్నాను కదా. ఏడాది ఆగనని మొండికేస్తే చెప్పెయ్. ఇక దాని జోలికి పోరు.

తమ్ముడు