నాన్న వంతు చెంచా

బెర్మండ్సీ, లండన్

చెల్లీ హెస్టర్, నా మోకాలు కుదుటపడింది, బెంగపడకు.

పాత వెండి సంతలో టీ ఆకు తీసే చెంచా ఇంకొకటి కొన్నాను, తిట్టకు. ఆల్చిప్ప ఆకారంలో ఉంది, అంచున చిన్న సొట్ట. కొట్టాయన "సొట్ట తీసేస్తానమ్మా, కొత్తదానిలా మెరుస్తుంది" అన్నాడు. "ముట్టుకున్నావంటే చూడు!" అన్నాను. టీ కూజా అంచుకి కొట్టీ కొట్టీ అమ్మ చెంచాకీ అక్కడే సొట్ట కదూ!

నీ దగ్గరున్న అమ్మ వెండి టీ డబ్బా లోపల మాత్రం తోమకు. ఆ వాసన పోతే మళ్ళీ రాదు. దాని తాళంచెవి దొరికిందా? పిల్లలకు దీవెనలు.

టీ ఆకు మనిషికో చెంచా, కూజాకో చెంచా వెయ్యాలి అనేది అమ్మ. నాన్న పోయాక కూడా ఆయన వంతు వేసేది, గుర్తుందా? ఇక్కడ నేనూ రోజూ నీ వంతు వేస్తున్నాను. టీ కటిక చేదుగా ఉంటోంది. వచ్చి నీ కప్పు నువ్వు తాగిపో.

అక్క విన్నిఫ్రెడ్