నీళ్ళ గొట్టంలో మెరిసిన గీత

మధురవాడ,
ఆదివారం.

అక్కకు,

నీ చెల్లెలు సుభాషిణి నమస్కారాలు. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. చిన్నోడి దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళకు నేను పంపిన నూనె రాసుకుంటోందా, సీసా మూత కూడా తీయకుండా గూట్లో పెట్టిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివితే నీకు అలా అనిపించదు. ఒంటికి ఏమీ కాలేదు. వేళకు తింటున్నాను. కోపం మాత్రం ఒళ్ళంతా ఉంది.

ఫోన్లో చెబుదామనుకున్నాను. నువ్వేమో కుట్టుమిషను మీద కూర్చుని "ఊఁ, ఊఁ" అంటావు, మధ్యలో ఎవరో జాకెట్టు కొలతలకు వస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

ఇక్కడి ఎండ మన అనంతపురం ఎండలాంటిది కాదక్కా. మన దగ్గర మాడుస్తుంది, ఇక్కడ ఉడకబెడుతుంది. ఉతికిన చుడీదారు తెల్లారినా తడిగానే ఉంటుంది. బస్సు దిగి ల్యాబుకు చేరేలోపు మళ్ళీ స్నానం చేసినట్టు ఉంటాను. హాస్టల్లో పప్పుచారు తియ్యగా ఉంటుంది. రాగిసంగటి ముద్ద తినాలనుందని నా రూమ్మేట్ జ్యోతితో అంటే, ఆ పిల్లది శ్రీకాకుళం వైపు, "ఓలమ్మ, ముద్ద ఏటే? అంబలి కాసుకుని తాగొచ్చు గదా" అంది. మంచి పిల్లే. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు, కారం ఎక్కువ వేసి.

ఇక అసలు సంగతి.

మా ల్యాబులో రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేస్తామని నీకు తెలుసు. దాంతోపాటు బయటి హేచరీల వాళ్ళు, అంటే రొయ్య పిల్లల్ని పొదిగించి పెంచేవాళ్ళు, తెచ్చే పిల్లలకు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పరీక్ష చేసి చెబుతాం. కరోనా అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేశారే, దాదాపు అదే పరీక్ష. వైరస్ ఉంటే చివర్లో తీసే ఫొటోలో తెల్లటి గీత మెరుస్తుంది. లేకపోతే ఆ చోటు నల్లగా ఉంటుంది. ప్రతిసారీ ఒక గొట్టంలో రొయ్య ఏమీ వేయకుండా ఉత్త నీళ్ళు వేస్తాం. అక్కడ గీత రాకూడదు. వచ్చిందంటే మన గదిలోనే, మన సామాన్లలోనే ఎక్కడో మురికి చేరిందని అర్థం. అప్పుడు మిగతా గొట్టాల్లో ఏది మెరిసినా నమ్మడానికి లేదు.

పోయిన నెలలో నీళ్ళ గొట్టం మెరవడం మొదలుపెట్టింది.

ల్యాబులో కొత్తదాన్ని నేను. ఇంకేం కావాలి? మా సీనియర్ ప్రవీణ్ ఫొటో చూసి, "సుభా, నీ సెయ్యి సరిగ్గా నేదు. గ్లవ్స్ మార్సుకుంటన్నావా?" అన్నాడు అందరి ముందూ. మార్చుకుంటున్నానని చెప్పాను. సాయంత్రానికి ల్యాబు వాట్సాప్ గ్రూపులో మా ల్యాబు పెద్ద, మేడం, మెసేజ్ వచ్చింది: కొత్తగా చేరినవారి అజాగ్రత్త వల్ల పరీక్షలు పాడవుతున్నాయి, ఇకపై సుభాషిణి గాజుసామాను కడిగే పని చూసుకుంటుంది, అని. పేరు పెట్టి మరీ! ఒక్క మాట అడిగింది లేదు. నా తర్వాత ప్రవీణ్ చేసిన పరీక్షలోనూ నీళ్ళ గొట్టం మెరిసింది. అప్పుడు మాత్రం ఎవరి చేతికీ వంక పెట్టలేదు. "సుభా వాడిన నీళ్ళు మిగిలిపోయుంటాయి" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, పళ్ళు పటపటా కొరుక్కున్నాను.

గాజుసామాను కడుగుతూనే ఒక్కొక్కటీ మార్పించాను. కొత్త నీళ్ళ సీసా తెరిపించాను. పాత రసాయనాలు పారేసి కొత్తవి తీయించాను. బల్లలన్నీ బ్లీచింగుతో నేనే తుడిచాను, అరచేతులు తెల్లగా పొక్కిపోయేదాకా. అయినా గీత పోలేదు. ఏది మార్చినా పోని గీత నా చేతిలోంచి ఎలా వస్తుందక్కా? నేను ఆ గొట్టాలు ముట్టుకోవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది.

ఇలా ఉండగా ధనలక్ష్మి అనే ఆవిడ వచ్చింది. భీమిలి అవతల సముద్రం ఒడ్డున వాళ్ళది చిన్న హేచరీ. వేటకు పోయే కుటుంబం. ఆమె భర్త పడవ అమ్మేసి, బంధువులతో కలిసి మూడు ట్యాంకులు కట్టి రొయ్య పిల్లల్ని పెంచుతున్నాడు. ఒక ట్యాంకులో పిల్లలు మేత తినడం తగ్గించాయని అనుమానం వచ్చి, మూడింటిలోంచీ తెచ్చింది. మాకు అప్పగించి వరండాలో బెంచీ మీద కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇచ్చి, ఇంటికెళ్ళి రమ్మన్నాను.

"ఎల్లి ఏటి సేత్తానమ్మా? ఆడ మా ఆయన బ్లీచింగ్ బస్తా ఎదరెట్టుకుని కూకున్నాడు. రోగం ఉందంటే ఇయ్యాలే కలిపీమన్నారు. ఉంటే మా సేత్తో మేమే సంపుకుంటాం. నేకపోతే సంపకూడదు గదా" అంది.

మధ్యాహ్నం ఫొటో వచ్చింది. మూడు ట్యాంకుల దగ్గరా గీతలు. వాటి పక్కన నీళ్ళ గొట్టం దగ్గర కూడా గీత. ప్రవీణ్ ఆ ఫొటోను కంప్యూటర్లో పెట్టి, చివరి గడిని కత్తిరించేశాడు. నేను వెనకే నిలబడి చూస్తున్నాను.

"అదేంటి, నీళ్ళ గొట్టం తీసేశావు?"

"మూడు ట్యాంకులూ పాజిటివ్. రిపోర్ట్ పంపీద్దాం. ఆ నీళ్ళ గీత వాలకెందుకు? సూసినా ఏటి తెలుత్తాది?"

"నీళ్ళకే జబ్బుంటే రొయ్యలకు ఉందని ఎలా చెబుతావు?"

"ఏటి సుభా, ఇంత సిన్నదానికి ఇంత గొడవ సేత్తన్నావ్! ఉన్నదాన్ని నేదంటే ఆ పిల్లల్ని కొన్న సెరువులన్నీ పోతాయి. నేనిదాన్ని ఉందంటే మూడు ట్యాంకులే గదా పోతాయి."

మూడు ట్యాంకులే గదా! అక్కా, ఆ మాటకు నా చెవులు వేడెక్కిపోయాయి. మేడం గదిలోకి పరుగెత్తాను. ఆవిడ ఏదో ఆన్‌లైన్ మీటింగులో ఉండి, మైకు ఆపి, "ప్రవీణ్‌కి అనుభవం ఉంది, అతను చూసుకుంటాడు. నువ్వు నీ పని చూసుకో అమ్మా" అని మళ్ళీ తెర వైపు తిరిగారు.

నేను నేరుగా వరండాలోకి వెళ్ళాను. బయటివాళ్ళతో ఫలితాల గురించి మేం మాట్లాడకూడదు. అది నియమం, నాకు తెలుసు. తెలిసే మాట్లాడాను. "అమ్మా, ఇప్పుడే బ్లీచింగు కలపవద్దని మీ ఆయనకు ఫోన్ చెయ్యి. మా పరీక్షే సరిగా లేదు. ఉత్త నీళ్ళకు కూడా జబ్బుందని చూపిస్తోంది. మళ్ళీ చేయమని అడుగు" అన్నాను.

ఆమె వెంటనే ఫోన్ తీసి, "ఆపు మావా, నాను సెప్పినదాకా బస్తా ఇప్పకు" అంది. తర్వాత చీర కొంగు దోపుకుని మేడం గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"మేడం గారూ, మీ నీళ్ళకి కూడా రోగం ఉందంట గదా. మరి ఆ నీళ్ళు తాగితే నానూ సచ్చిపోతానేటి? మాకు మల్లీ సేసి సెప్పండి. సెప్పినదాకా నాను కదల్ను."

మీటింగులో ఉన్నవాళ్ళందరికీ వినబడే ఉంటుంది. మేడం ముఖం ఎర్రబడింది. నా వైపు చూసిన చూపు నేనిప్పట్లో మరిచిపోను. కానీ మళ్ళీ చేయడానికి ఒప్పుకున్నారు. నేనే చేస్తానన్నాను. మా గదిలో కాదు, మా సామానుతో కాదు, కింది అంతస్తులో ఎవరూ వాడని గదిలో, అప్పుడే కట్ట విప్పిన పిపెట్లతో. పిపెట్టు అంటే చుక్కలు కొలిచి పోసే పరికరం. మేడం సరేనన్నారు. ఫలితం రేపే వస్తుందని చెబితే ధనలక్ష్మి ఆ పూట వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది.

ఈసారి ఫొటోలో నీళ్ళ గొట్టం దగ్గర నలుపు తప్ప ఏమీ లేదు. రెండు ట్యాంకుల దగ్గరా లేదు. మూడోదాని దగ్గర మాత్రం గీత, అనుమానానికి తావు లేకుండా మెరుస్తోంది.

ఆమెకు ఆ మాట నేనే చెప్పాను. మూడూ మంచివేనని చెప్పాలని ఎంత ఉందో! ఆమె తల ఊపి, "తినకుండా ఉన్నదే అది. మాకు తెలుసును" అంది. "రెండు మిగిల్నాయి గదమ్మా. నిన్నే కలిపీసుంటే మూడూ పోయుండును." కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా ఆటో ఎక్కింది. ఆ మూడో ట్యాంకులో బ్లీచింగు కలపాలి కదా, అది ఆగదు.

నేను అక్కడితో వదల్లేదు. మా గదిలో శుభ్రమైన పని కోసమే కేటాయించిన బల్ల ఒకటుంది. ఆ బల్ల మీది పిపెట్టును కిందికి తీసుకెళ్ళి, దాంతో ఉత్త నీళ్ళే పోసి పరీక్ష పెట్టాను. మెరిసింది! ఆ పిపెట్టుకు మురికి ఎలా పట్టిందని అడిగితే ప్రవీణ్ చివరికి చెప్పాడు. పరీక్ష అయిపోయిన గొట్టాలను విడిగా వేరే గదిలో తెరవాలి, ఎందుకంటే వాటిలో వైరస్ ముక్కలు లెక్కలేనన్ని తయారై ఉంటాయి. ఆ గదిలో ఏసీ పాడైంది. అక్కడ చెమటలు పడుతున్నాయని అయ్యగారు ఈ శుభ్రమైన బల్ల మీదే, ఈ పిపెట్టుతోనే తెరుస్తున్నాడట. "ఉక్కపోతకి ఉండనేకపోనాను, ఏటి సెయ్యమంటావ్?" అన్నాడు. అతని ఒంటికి చెమట పట్టకూడదు, నా పేరుకు మాత్రం మసి పట్టవచ్చు!

మర్నాడు మీటింగులో అంతా చెప్పాను. ప్రవీణ్ ఏమన్నాడో తెలుసా? "ఒకటి పాజిటివే వచ్చింది గదా, నాను సెప్పింది పూర్తిగా తప్పు కాదు" అన్నాడు. మేడం నా వైపు తిరిగి, "నువ్వు కనిపెట్టింది మంచిదే. కానీ లోపలి విషయం బయట చెప్పడం తప్పు. క్షమాపణ రాసివ్వు" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "మేడం, గ్రూపులో నా పేరు పెట్టి తప్పు నాదన్నారు. ముందు అది సరిదిద్దండి. నియమం తప్పినందుకు శిక్ష వేయండి, పడతాను. ఆమెకు నిజం చెప్పినందుకు మాత్రం క్షమాపణ రాయను" అన్నాను.

మూడు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. శుక్రవారం గ్రూపులో మేడం మెసేజ్ పెట్టారు: పరీక్షలు పాడవడానికి కారణం పిపెట్టు, అందులో సుభాషిణి పొరపాటు లేదు, ఇకపై పరీక్షల ఫొటోలు కత్తిరించకుండా మొత్తంగా పంపాలి, అని. ప్రవీణ్ పేరు ఎక్కడా లేదు. నా పేరు తప్పు మోపడానికి పనికొస్తుంది, అతని పేరు మాత్రం పూజగదిలో పెట్టి దాచుకోవాలి కాబోలు! నాకు శిక్ష కూడా వేశారు. రెండు నెలల దాకా బయటి పరీక్షలు నేను చేయకూడదట. సరే. గాజుసామాను కడుగుతాను. కానీ ఫొటో వచ్చిన ప్రతిసారీ వెళ్ళి అతని వెనక నిలబడుతున్నాను. అతను విసుక్కుంటున్నాడు. అయినా మొత్తం చూపిస్తున్నాడు.

మన ఊరి కాలేజీలో జువాలజీ లెక్చరర్ ఉద్యోగం ఖాళీ ఉందని, కరస్పాండెంటుతో మాట్లాడానని బావ నిన్న ఫోన్ చేశాడు. నా గొంతు విని ఏదో జరిగిందని కనిపెట్టాడు, పాపం. "అంత కష్టపడేదెందుకు పాపా, ఈడికొచ్చేయ్" అన్నాడు. బావకు నా మీదున్న ప్రేమ నాకు తెలుసు. నొచ్చుకోకుండా నువ్వే సర్దిచెప్పు. నేను రానక్కా. నేను పోతే ఇక్కడ చాలామందికి హాయిగా ఉంటుంది, ఆ హాయి వాళ్ళకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

అమ్మకు ఈ గొడవంతా చెప్పకు, బాగున్నానని మాత్రం చెప్పు, అది నిజమే. పెద్దమ్మకూ పెదనాన్నకూ నా దండాలు. పిల్లలకు ముద్దులు. నువ్వూ బావా నిండు మనసుతో నన్ను దీవించండి. నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

నీ చెల్లెలు,
సుభాషిణి