మిగిలినవి రెండే అన్న లెక్క

జూలై 8, మంగళవారం

రొయ్యల గుంటలో ఆక్సిజన్ పడిపోతే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లను తనంతట తానే తిప్పే సాఫ్ట్‌వేర్ మాది. టెస్టింగ్ నాది, వినీలది. ఒకరి లిస్టు ఒకరు చూడకుండా వెతికాం. నాకు 24 బగ్గులు, తనకు 20. అందులో 16 ఇద్దరికీ దొరికినవే. 24ని 20తో హెచ్చవేసి 16తో భాగిస్తే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బగ్గులు అంచనాగా మొత్తం 30. మేం పట్టినవి 28. ఇద్దరికీ అవే దొరుకుతున్నాయంటే కొత్తవి పెద్దగా లేవన్నమాట. మిగిలినవి రెండే. మా కంపెనీ ఓనర్ నరేంద్రబాబు గారు స్వీట్లు తెప్పించారు. నేను మూడు తిన్నాను.

జూలై 11, శుక్రవారం

వినీల లంచ్‌లో ఏడ్చింది. మొదటిరోజు నుంచీ నా లిస్టు ఆమెకు వాట్సాప్‌లో పంపారట ఓనర్. టైమ్ కలిసొస్తుందని. నాకు చెప్పొద్దన్నారట. అంటే ఆ 16 తను వెతికి పట్టినవి కావు, చూసి రాసినవి. లెక్క మొత్తం బూటకం. అదే లెక్క నేను ఆఫీసంతా చెప్పుకు తిరిగాను. ఒళ్లు మండిపోతోంది.

జూలై 13, ఆదివారం

పై అంతస్తులో వేరే ప్రాజెక్టు చేసే షఫీ అన్నను బతిమాలి మేం టెస్ట్ చేసిన సాఫ్ట్‌వేరే ఇచ్చాను. లిస్టు చూపించలేదు. రెండు రోజులు కూర్చుని 15 పట్టాడు. నావాటితో కలిసినవి నాలుగే.

అదే లెక్కన మొత్తం 90. నేనూ షఫీ అన్నా కలిపి పట్టినవి 35, వినీల సొంతంగా పట్టిన నాలుగూ అందులోనే ఉన్నాయి. మిగిలినవి 55.

జూలై 14, సోమవారం, ఉదయం 11

రిపోర్టు ఇచ్చాను. రెండని రాసి సంతకం పెట్టు నిషాత్, రేపు నలభై గుంటల్లో పెట్టాల అన్నారు ఓనర్. అదీ అంచనానే, ఇదీ అంచనానే కదా అని. పెట్టనన్నాను. ఉద్యోగం గుర్తుంచుకోమన్నారు. గుర్తుంది. పెట్టను.

సాయంత్రం 4

గుంటల ఆసామి పద్మనాభయ్య గారు వచ్చారు. ఓనర్ ఎదురుగానే అంతా చెప్పేశాను. బోర్డు మీద ఫార్ములా వేయబోతే ఆపారు. మేమూ వలేసే కదమ్మా గుంటలో రొయ్యలెన్ని ఉండాయో లెక్కగట్టేది, ముందోడు యాడేసినాడో చూసి రెండోవాడూ ఆడే ఏసినాడంటే ఆ లెక్క ఎందుకు పనికొస్తది అన్నారు. ఇది అర్థం కావడానికి నాకు ఒక పుస్తకం పట్టింది.

నలభై వద్దు, ఒక్క గుంటలో పెడతా, పక్కన మనిషిని కాపలా ఉంచుకుంటా అన్నారు. 55 అని రాసి, సంతకం పెట్టి, ఆయన చేతికే ఇచ్చాను. ఓనర్ నా మొహం చూడలేదు.

జూలై 15, మంగళవారం

రెండని రాసుంటే ఏం పోయుండేదని అమ్మీ అడిగింది. రొయ్యలు అన్నాను.

జూలై 16, బుధవారం

ఉద్యోగం పోయింది. లాప్‌టాప్ తిరిగిచ్చే ముందు ఇంకొకటి పట్టాను. కరెంటు పోయి వస్తే స్క్రీన్ మీద ఏరేటర్లు తిరుగుతుంటాయి. గుంటలో తిరగవు. పద్మనాభయ్య గారికి ఫోన్ చేసి చెప్పాను.

54.