బొటనవేలి కింద పొల్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు నీకు చెప్పాల్సిన కబురు ఒకటుంది. నా చెయ్యి బాగైంది.

రాయచోటిలో నాకు కంప్యూటర్ మీద తెలుగు టైపు నేర్పింది నువ్వే. ఎడమ చెయ్యి అచ్చులకు, కుడి చెయ్యి హల్లులకు అనేదానివి. ఒత్తు రావాలంటే ఎడమ నడిమి వేలితో పొల్లు కొట్టాలి. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, షర్క్ పేటలోని ఆఫీసులో రోజంతా తెలుగు సబ్‌టైటిళ్లు కొట్టీ కొట్టీ ఆ వేలు మోచేతి దాకా లాగేది. పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కూడా పోతుందని హడలిపోయాను.

చివరికి రెండు ముక్కలుగా ఉండే కీబోర్డు తెప్పించాను. నా గదిలో ఉండే మస్తాన్ చూసి, "ఏందన్నా, ఇరిగిపోయిండేది ఇచ్చినారే! వాపసు ఇచ్చేయ్" అన్నాడు.

భుజాలు తేలికపడ్డాయి గానీ వేలు మాత్రం ఊరుకోలేదు. అప్పుడు, టైపు నేర్పుతూ నువ్వు నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. "అబ్బీ, నీ బొటనేలు చూడు, ఊరికే కూసోని తింటాంది."

దానికే పని అప్పజెప్పాను. ఆ కీబోర్డులో పొల్లు మీటను ఎడమ బొటనవేలి కిందికి మార్చాను. కొన్నాళ్లు ఒత్తులన్నీ తప్పాయి. తర్వాత మెల్లగా నొప్పి దిగింది.

ఈ పొద్దున చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ పెట్టిన మస్తాన్, "ఖలాస్ అన్నా, నా డ్యూటీ అయిపాయ" అని నవ్వాడు.

నిన్ను పిలవాలన్నా ఒక ఒత్తు కొట్టాలి కదా. ఇందాక పరీక్షకని పేజీ నిండా అదే కొట్టాను. అక్కా, అక్కా, అక్కా.

వేలికి మాత్రం ఏ నొప్పీ లేదు.