పత్రంలో లేని వాక్యం

నానమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అలా రాయకపోతే నువ్వు కంగారుపడతావని రాస్తున్నాను. అత్త ఇంట్లో మెట్లు దిగడం కష్టంగా ఉందన్నావు. కర్ర పట్టుకునే దిగు, సిగ్గుపడకు. పది రోజులుండి రమ్మని నాన్న నిన్నక్కడ దింపి ఏడు నెలలైంది.

నీ గది సంగతి అడిగావు. కిటికీ మూసేసి అరలు కొట్టించారు. నాన్న కొట్లోని రంగు డబ్బాలు అందులో పెడుతున్నారు. నీ కుట్టుమిషను వరండాలో ఉంది. అమ్మ దానిమీద చెప్పులు పెడుతుంటే నేను గుడ్డ కప్పాను. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను. నా సంగతి నీకు తెలుసు కదా.

నువ్వు వేసిన కేసు గురించి ఇంట్లో రోజూ మాటలే.

"కన్నకొడుకు మీద కోర్టుకెక్కుతుందా ఎవరైనా?" అంది అమ్మ.

"ఎక్కనీ. ఎక్కిన దారినే దిగొస్తుంది. పత్రంలో షరతేదీ?" అన్నారు నాన్న.

కొడుకు చూసుకోవాలన్న షరతు పత్రంలో ఉంటేనే నువ్వు నాన్నకు రాసిచ్చిన ఇల్లు వెనక్కి వస్తుందని లాయరు చెప్పాడట. నువ్వేమో ఆ షరతు ఉందని, నీ మనవరాలే చదివి వినిపించిందని విచారణలో అన్నావట. కేసు వింటున్న ఆఫీసరు పత్రం రెండుసార్లు తిరగేసి, "పెద్దావిడకి మతిమరుపేమో" అన్నారట. నాన్న ఆ మాట అమ్మకి చెప్పి చెప్పి నవ్వారు.

నీకు మతిమరుపు లేదు నానమ్మా. ఈ ఉత్తరం ఇక్కడినుంచి ఎవరిచేతా చదివించుకోకు, నువ్వే చదువుకో. ఇప్పుడు నీ కళ్లు బాగున్నాయి.

ఇంటి రిజిస్ట్రేషన్ రోజు ఆపరేషనైన నీ కంటికి ఇంకా కట్టు ఉంది. "చదువుకున్న పిల్ల, అక్షరం పొల్లుపోదు" అంటూ నాన్న కాగితాలు నా చేతికిచ్చారు. సగం చదివేసరికి, "నన్ను చూసుకుంటాడని రాశారటే?" అన్నావు. రాయలేదు. నాన్న నావైపు చూశారు. నోరు తెరిచి ఏమీ అడగలేదు, అందుకే ఆ తప్పు ఆయనమీదకు నెట్టలేను. "సదరు కుమారుడు జీవితాంతం పోషించవలెను" అని ఆ కాగితాల భాషలోనే ఒక వాక్యం అల్లి చదివాను. "బాగా రాశారే" అని నువ్వు సంతకానికి చెయ్యి చాపావు. కట్టు విప్పాక కూడా ఆ పత్రం చూడలేదు, నేను చదివాను కదా అని.

సోమవారం నన్ను సాక్ష్యానికి తీసుకెళ్తున్నారు. "ఉన్నది ఉన్నట్టు చదివానని చెప్పు, చాలు" అన్నారు నాన్న. నేను ఆ వాక్యం చెబుతాను. నేనే అల్లానని కూడా చెబుతాను. దాంతో ఇల్లు వస్తుందో రాదో తెలియదు. నీ మతి సరిగ్గానే ఉందని మాత్రం రాసుకుంటారు.

ఆ రోజు నువ్వు నాతో మాట్లాడనక్కర్లేదు.

ఇట్లు,
నీకు అబద్ధం చదివిన మనవరాలు