కంప్యూటర్ కార్చిన నీళ్లు

ఆదివారం రాత్రి

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, మా ఇంటి కంప్యూటర్ నోరు నేటితో మూయించడమైనది. స్పీడు పెంచినప్పటి నుంచి పిండిమరలా అరిచే ఫ్యాను తీసేసి, కరెంటుతో చల్లబడే పెల్టియర్ బిళ్ల, దాని వేడి పోయేందుకు అల్యూమినియం రెక్కలు బిగించాను.

చూడ్డానికి ఓబులేసు మామ వచ్చాడు. ఈ బిళ్ల గాలిలోంచి నీళ్లు లాగుతుందని చెప్పి, కింద పెట్టిన గ్లాసు చూపించాను. బోరు ఎండి బత్తాయి తోట వాడిపోతున్న మనిషి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇట్లాటివి పది పెడితే నా చీనీ చెట్లు బతుకుతాయేమప్పా?"

"బతికేదేంది మామా, కాలవ పారతాది!"

"అట్లయితే రేపు సంతలో గొర్రెలమ్మి అవే తెస్తా."

ఆయన వెళ్లాక నవ్వుదామంటే నవ్వు రాలేదు. తెల్లారేలోపు పోయి ఆపాలి. ఏ మొహం పెట్టుకుని పోను?

బిళ్ల చల్లబడిన మాట నిజం. కానీ మన ఎండుగాలికి దానికి చెమట కూడా పట్టలేదు. గ్లాసులోవి మా కుండలో నీళ్లు.